మలోల్ ఎవరి వరసలోది?

యూసుఫ్‌గూడలో పెట్ షాపు బోనులో కనిపించే తెల్ల కుందేలు, మన అడవి చెవులపిల్లి ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు ఫ్రెండ్స్. షాపుదాని పూర్వీకులు స్పెయిన్ వైపువి. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. మనది ఈ నేలదే. బొరియ తవ్వదు. గడ్డిలోనే ఈనుతుంది, పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి.

1758లో లిన్నేయస్ అన్ని కుందేళ్లనీ ఎలుకల వరసలో కలిపేశాడు. పైన ముందుపళ్ల వెనకాల ఎలుకలకు లేని ఇంకో చిన్న జత ఉందని తెలిసి కూడా, 1912లో గిడ్లీ వేరు చేసేదాకా అట్లనే నడిపించారు. గోండిలో మాత్రం దానికి సొంత పేరుంది, మలోల్. తమిళం ముయల్, కన్నడం మొల దీని చుట్టాలే.

షాపుదాన్ని పెంచుకోవచ్చు. మలోల్‌ని పడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. ఊళ్లో తమ్ముళ్లకి ఈ తేడా చెప్పండి, వలలు ఇంకా ఇళ్లల్లోనే ఉన్నాయి.