లినక్సులో వైఫై కష్టాలు: ఒక బ్రాడ్‌కామ్ పురాణం

2005-2010 మధ్య లాప్‌టాపులో లినక్సు ఎక్కించినవాళ్ళని ఎవర్నైనా కదిపి చూడండి. గ్రాఫిక్స్ గురించి ఓ మాట, సౌండు గురించి ఓ మాట అంటారు. వైఫై దగ్గరికొచ్చాక ఇక ఆపరు. వాళ్ళ నోట ఎక్కువగా వినిపించే పేరు బ్రాడ్‌కామ్. డెల్లులో అదే, హెచ్‌పీలో అదే, యాపిల్ పవర్‌బుక్కులో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ట్రీమ్ అని ముద్దుపేరు పెట్టుకున్నదీ అదే.

అసలు గొడవేంటంటే, డ్రైవరు రాయాలంటే చిప్పులో ఏ రిజిస్టరులో ఏ విలువ పెడితే ఏం జరుగుతుందో తెలియాలి. ఆ వివరాలు చిప్పు తయారుచేసినవాడి దగ్గరే ఉంటాయి. బ్రాడ్‌కామ్ విండోసుకి డ్రైవరు ఇచ్చింది, లినక్సు వాళ్ళకి డ్రైవరూ ఇవ్వలేదు, స్పెసిఫికేషనూ ఇవ్వలేదు. రేడియో చిప్పుల కంపెనీలు అప్పట్లో మామూలుగా చెప్పే కారణం ఒకటుంది: సాఫ్ట్‌వేరు చేతికిస్తే ఎవడైనా అనుమతి లేని ఫ్రీక్వెన్సీలో, అనుమతి లేని పవరులో ప్రసారం చేస్తాడు, అప్పుడు ప్రభుత్వాలు మమ్మల్ని పట్టుకుంటాయి అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అదే రోజుల్లో ఇంటెల్ తన వైఫై చిప్పులకి ఓపెన్ సోర్సు డ్రైవర్లు ఇచ్చింది. కాబట్టి ఆ సాకుని నేను సగమే నమ్ముతాను.

తలుపు మూసేస్తే కిటికీ వెతుక్కోవడం మనకి అలవాటే కదా. మొదటి కిటికీ 2003లో వచ్చిన ఎన్‌డిస్‌రాపర్. పాంటస్ ఫుక్స్ మొదలుపెట్టాడు. తర్వాత దాన్ని ఏళ్ళ తరబడి నడిపిన ఆయన పేరు సోర్సు ఫైళ్ళ కాపీరైటు లైన్లో ఉంటుంది, గిరిధర్ పెమ్మసాని అని. ఆ ఇంటిపేరు చూడగానే మీకేమనిపించిందో నాకూ అదే అనిపించింది.

ఎన్‌డిస్‌రాపర్ చేసే పని కాస్త విచిత్రం. విండోసు డ్రైవరు ఫైళ్ళు రెండింటిని, అంటే సెట్టింగులుండే ఐఎన్ఎఫ్ ఫైలునీ అసలు కోడుండే సిస్ ఫైలునీ, తెచ్చి లినక్సు కెర్నెల్లోనే లోడు చేస్తుంది. ఆ డ్రైవరు విండోసు కెర్నెల్‌ని పిలుస్తున్నాననుకుని ఏదో ఫంక్షన్ పిలుస్తుంది, ఇది మధ్యలో నిలబడి "ఆఁ, చెప్పు" అంటుంది. పాపం డ్రైవరుకి తను ఎక్కడుందో చివరిదాకా తెలీదు.

పనిచేస్తే బ్రహ్మాండం. పనిచెయ్యకపోతే మాత్రం ఎందుకో కనిపెట్టడం నరకం, ఎందుకంటే లోపల కోడు కనపడదు. ఒక ఉదాహరణ చెప్తాను. 32 బిట్ విండోసు ఎక్స్‌పీలో కెర్నెల్ స్టాకు 12 కిలోబైట్లు. డ్రైవరు రాసినవాడు అంతా నాదే అనుకుని వాడుకుంటాడు. లినక్సులో అది 8 కిలోబైట్లు, ఫెడోరా అయితే కొన్నాళ్ళు 4 కిలోబైట్లే ఇచ్చింది. పన్నెండు మూరల పంచె కట్టే మనిషికి నాలుగు మూరల తువ్వాలిచ్చినట్టు. ఫలితం, ఏ హెచ్చరికా లేకుండా మెషిను బిగుసుకుపోవడం. ఇన్‌స్టాల్ సరిగ్గానే చేసినా వారానికోసారి లాప్‌టాపు ఎందుకు చస్తోందో తెలీక బుర్ర గోక్కున్నవాళ్ళు ఎందరో. 64 బిట్ లినక్సుకి 64 బిట్ విండోసు డ్రైవరే కావాలి, అది అప్పట్లో దొరకడమే కష్టం. పవర్‌బుక్ వాళ్ళకైతే ఆ దారే లేదు. ఇంటెల్ ప్రాసెసరుకి రాసిన కోడు పవర్‌పీసీ మీద ఎలా నడుస్తుంది?

రెండో దారి తెరుచుకున్న తీరు ఇంకా బావుంటుంది. 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రౌటరు తెచ్చింది. ఆ నీలం-నలుపు డబ్బా చాలామంది ఇళ్ళలో చూసే ఉంటారు. మరుసటి ఏడాది లింక్‌సిస్‌ని సిస్కో కొనేసింది. 2003 జూన్‌లో కొందరు లినక్సు డెవలపర్లు ఆ రౌటరు లోపల నడుస్తున్నది లినక్సేనని పట్టుకున్నారు. జీపీఎల్ ప్రకారం సోర్సు ఇవ్వాలి, ఇవ్వలేదు. గొడవయ్యాక ఇచ్చారు. దాన్నుంచే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. కానీ మనకి కావల్సిన ముక్క, అంటే బ్రాడ్‌కామ్ వైర్‌లెస్ డ్రైవరు, అందులో బైనరీగానే ఉంది. అంటే బ్రాడ్‌కామ్ చిప్పుకి లినక్సు డ్రైవరు లేదని జనం మొత్తుకుంటున్న రోజుల్లోనే, అది అంగట్లో అమ్ముతున్న డబ్బాలో భేషుగ్గా నడుస్తోందన్నమాట. కాకపోతే అది మిప్స్ ప్రాసెసరు కోసం కంపైల్ చేసింది.

ఆ బైనరీనే విప్పడానికి కూర్చున్నారు ఔత్సాహికులు. కోర్టు గొడవలు రాకుండా రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు బైనరీని విప్పి చదివి, చిప్పు ఎలా పనిచేస్తుందో మామూలు మాటల్లో రాసింది. రెండో జట్టు ఆ బైనరీ మొహం చూడకుండా, ఆ రాతని మాత్రమే చదివి డ్రైవరు రాసింది. ఒకరు స్పెసిఫికేషన్ రాసి ఇంకొకరు కోడు రాస్తే ఏమవుతుందో మన ప్రాజెక్టుల్లో రోజూ చూస్తూనే ఉంటాం. ఇక్కడ జీతాల్లేని మనుషులు, వేర్వేరు దేశాల్లో కూర్చుని, ఆ పని పూర్తిచేశారు. బీసీఎం43ఎక్స్‌ఎక్స్ అనే ఆ డ్రైవరు 2006 జూన్‌లో 2.6.17 కెర్నెల్లో చేరింది. దాని వారసుడు బి43 2008 జనవరిలో 2.6.24లో వచ్చింది.

ఇక్కడ కొత్త తలనొప్పి. అదివరకు ఎన్‌డిస్‌రాపర్‌తో హాయిగా ఉన్నవాళ్ళు కెర్నెల్ అప్‌గ్రేడ్ చేస్తే, కొత్త డ్రైవరు ముందే లేచి చిప్పుని పట్టుకునేది. రెండిట్లో ఒకదాన్ని బ్లాక్‌లిస్టు చేస్తే తప్ప వైఫై వచ్చేది కాదు. పైగా 2008లోనే కెర్నెల్ పెద్దలు ఎన్‌డిస్‌రాపర్‌కి కొన్ని జీపీఎల్ ఫంక్షన్లు అందకుండా చేశారు. అది తనవరకు జీపీఎల్లే అయినా, లోపలికి తెచ్చేది మూసిపెట్టిన కోడు కదా అని. న్యాయం వాళ్ళ వైపే ఉందనుకోండి, కానీ ఆ వారం నెట్టు పోయినవాడికి న్యాయం ఏం చేసుకోను?

డ్రైవరుతో కథ అయిపోలేదు. చిప్పు లోపల ఓ చిన్న ప్రాసెసరుంది, దానికి ఫర్మ్‌వేరు కావాలి. అది బ్రాడ్‌కామ్‌దే, పంచిపెట్టడానికి అనుమతి లేదు. అందుకని ఎఫ్‌డబ్ల్యూకట్టర్ అని ఒక పరికరం రాశారు. మీరే నెట్టులోంచి కంపెనీ డ్రైవరు దించుకుని, దాంట్లోంచి ఫర్మ్‌వేరు కోసుకోవాలి. వైఫై రావాలంటే ఫర్మ్‌వేరు కావాలి, ఫర్మ్‌వేరు రావాలంటే నెట్టు కావాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు. కొత్త చిప్పులకి వెర్షన్ 4 ఫర్మ్‌వేరు, పాతవాటి కోసం విడిగా ఉంచిన బి43లెగసీకి వెర్షన్ 3. డీమెసేజ్‌లో ఫర్మ్‌వేరు దొరకలేదన్న లైను చూసి, వెతికి తెచ్చి పెట్టాక, అది వేరే వెర్షనని తేలడం అందరికీ అనుభవమే.

2007 జనవరిలో గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ కంపెనీలకి బహిరంగంగా చెప్పాడు, స్పెసిఫికేషన్ ఇవ్వండి, కావాలంటే ఎన్‌డీఏ సంతకం పెడతాం, డ్రైవరు మేమే ఉచితంగా రాసిస్తాం అని. బ్రాడ్‌కామ్ మాత్రం 2008లో సగం బైనరీ, సగం సోర్సు ఉన్న డబ్ల్యూఎల్ డ్రైవరు ఇచ్చింది. చివరికి 2010 సెప్టెంబరులో పూర్తి ఓపెన్ సోర్సు డ్రైవరు వదిలింది. అందరూ పండగ చేసుకున్నారు. తీరా చూస్తే అది 4313, 43224, 43225 చిప్పులకే. పాత లాప్‌టాపుల వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే.

ఇదంతా పాత చింతకాయ పచ్చడి అనుకోకండి. ఊళ్ళో బడికి, తమ్ముళ్ళకి మనం ఇచ్చే పదేళ్ళు దాటిన లాప్‌టాపుల్లో ఆ చిప్పులు ఇంకా దొరుకుతున్నాయి. వాటికి విండోసు బరువైపోయింది, లినక్సే గతి. ఎల్ఎస్‌పీసీఐ కొట్టి చిప్పు నంబరు చూసుకుని, బి43తో నడిచేదా డబ్ల్యూఎల్ కావల్సిందా అని ముందే తేల్చుకోండి. రెండూ కలిపి మాత్రం పెట్టకండి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలరులోనే ఫర్మ్‌వేరులు ఇస్తున్నారు, కానీ బి43ది అందులో ఉండదు. పంచుకునే అనుమతి బ్రాడ్‌కామ్ ఎప్పుడూ ఇవ్వలేదు మరి. ఇప్పటికీ నెట్టులోంచి దించి కోసుకోవాల్సిందే. నెట్టు కోసం ఆండ్రాయిడ్ ఫోను యూఎస్‌బీ తీగతో తగిలించి టెథరింగ్ పెట్టండి, దానికి కావల్సిన డ్రైవరు కెర్నెల్లో ముందే ఉంది. అన్నట్టు ఆ టెథరింగుకి ఫోన్లు చాలాకాలం వాడిన ఆర్‌ఎన్‌డిస్ పద్ధతి కూడా మైక్రోసాఫ్ట్ వాళ్ళదే.