చలికి ముందు గాలి

చలికాలమంటే మనకి ముందు గాలిరా, ఆ తరవాతే చలి. ఎక్కడెక్కడి వాళ్లో స్వెట్టర్లు బయటికి తీస్తారు. మన కృష్ణ దిగువన మాత్రం దసరా వెళ్లీ వెళ్లగానే ఇంటాయన నిచ్చెనేసుకుని కప్పు ఎక్కేవాడు.

మా పుట్టిల్లు అవనిగడ్డ దిగువన. నడిమధ్య నిట్రాడు, దాని మీంచి చుట్టూ వాసాలు, గుండ్రంగా మట్టిగోడ. చుట్టిల్లంటే అదే. చూరు ఎంత కిందికుండేదంటే, మా నాన్న నడుం వంచితేగానీ లోపలికి రాలేడు. గుండ్రటి గోడ మీద గాలికి పట్టు దొరకదు. చూరు కిందికుంటే వాన గోడని తాకదు. ఇల్లు నేయడం మామూలుగా ఎండాకాలం పనే. తాటాకైతే రెండు మూడేళ్లు ఆగేది, వరిగడ్డైతే ఏడాదికే కుళ్లేది. అయినా కార్తీకానికి ముందు ఇంకోసారి చూసుకోవాల్సిందే. మా నాన్న లోపల మంచం మీద వెల్లకిలా పడుకునేవాడు. వెలుతురు చుక్క కనబడ్డ చోటల్లా పుల్ల గుచ్చి పైకి తోసేవాడు. పైనున్న బాబాయి ఆ పుల్ల చూసి అక్కడ ఆకు దూర్చేవాడు. తిట్లు కూడా ఆ కన్నంలోంచే ఇటూ అటూ నడిచేవి! తరవాత పీచుతాళ్లు అడ్డంగా వేసి, లాగి వాసాలకి బిగించేవాళ్లు. తుపాను గాలి మొదట కొట్టే ఈశాన్యం వైపు తాటాకు దడి కట్టేవాళ్లు.

లోపలి పని మా అమ్మది. పిడకలు, ఎండు కట్టెలు అటకెక్కాలి. ముసురు పట్టాక తడి పిడకతో పొయ్యి రాజేసి చూడు, కళ్లలోంచి నీళ్లు కారడమే తప్ప ఎసరు మరగదు. వడ్లు పురిలో ఉండేవి. వరిగడ్డి తాడు పేని, చుట్ల మీద చుట్లు వేసి కట్టేవాళ్లు. లోతట్టు నేల కదా, పాతర తవ్వితే నీరూరుతుంది. కొత్త పంటేమో ఇంకా చేలోనే. ఈ పాత గింజ కాస్తా తడిసి మొలకెత్తితే సంక్రాంతి దాకా ఏం తింటాం?

అయితే 1977 నవంబరు 19న తాళ్లూ దడులూ ఎందుకూ కొరగాలేదురా. అవన్నీ గాలికి కట్టుకున్నవి, వచ్చింది సముద్రం. అప్పటికి నేను కాపరానికి ఉయ్యూరు వైపు వచ్చేశాను. దివిసీమలో పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లని ఉప్పెన ఊడ్చేసింది. పోయినవాళ్లు పదివేలకి పైమాటే. మా చిన్నప్పుడు బందరు ముసలాళ్లు అంతకు ముందటి ఉప్పెన, 1864 నవంబరు 1 నాటిది, చెప్పుకునేవాళ్లు. అదేదో కథనుకునేవాళ్లం. రెండూ నవంబరే చూడు. డెబ్బై ఏడు తరవాతే తీరం వెంబడి తుపాను షెల్టర్లు లేచాయి, జనానికి డాబాల మీద మనసు పోయింది. నేను కాదనను. ప్రాణం కంటే ఎక్కువేం లేదు గదా. కాకపోతే పుష్యమాసంలో డాబా నేల మీద కాలు పెడితే జిల్లుమంటుంది. తాటాకు కింద ఆ బాధే లేదు.

గాలి గండం గడిచిందనుకున్నాకే మేం చలి సంగతి చూసేవాళ్లం. కుప్పలు వేసేలోపు మధ్యాహ్నాలు ఆడవాళ్లంతా అరుగు మీద చేరి బొంతలు కుట్టేవాళ్లు. పాత నేతచీరలు నాలుగైదు పొరలు పరిచి, నాలుగు మూలలా నలుగురు కూర్చుని మధ్యకి కుట్టుకుంటూ రావాలి. ఏ చీర ఎవరి పెళ్లిదో, ఏది ఎవరి పురిటిదో, ఊరి గొడవలన్నీ ఆ కుట్టులోనే తేలిపోయేవి. నెలపట్టాక గోడలకి సున్నం, అందులో చిటికెడు నీలిమందు, వాకిట్లో కళ్లాపి, ముగ్గు.

రగ్గులంటావా? బెజవాడ వన్‌టౌన్ కొట్లలో దొరికేవిలే. మా నాన్న ఒకటి కొన్నాడు కూడా. అది ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య పడుకునేది, అల్లుడొస్తేనే బయటికి! పిల్లలందరికీ కలిపి ఒకటే బొంత. మధ్యలో దూరినవాడిదే రాజ్యం, రాత్రంతా ఇటోడు అటు లాగడం, అటోడు ఇటు లాగడం. చివర ఎప్పుడూ నేనే, ఇంటికి పెద్దపిల్లని కదా.