జెట్టి చేతి నుండి ఫిజియో గది దాకా: తెలుగు క్రీడాచరిత్రలో గాయం, కోలుకోలు

పాలమూరు సంస్థానాల చరిత్ర అనగానే తెలుగు పరిశోధకుల దృష్టి సాహిత్య పోషణ వైపు మళ్ళుతుంది. అది సహజమే. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూర్ రాజధానిగా గల అమరచింత సంస్థానాలు కవి పండితులను ఆదరించిన తీరుపై ఆచార్య తూమాటి దొణప్ప సిద్ధాంత గ్రంథం మొదలుకొని విస్తారమైన కృషి జరిగింది. అయితే దక్షిణాది రాజాస్థానాల్లో కవి నిలిచిన కొలువులోనే మల్లుడూ నిలిచాడు. కవికి దక్కిన చరిత్ర మల్లునికి దక్కలేదు. ఈ జిల్లాకే చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాల నుండి జనుల ఆటపాటలను, వినోదాలను ఏరి చూపి ఒక దారి వేశారు. ఆ దారిలో ఆటల పేర్లు దొరికాయి, ఆడే తీరు దొరికింది. ఆడినవాని దేహానికి ఏమైంది, దెబ్బ తగిలితే ఎవరు చూశారు, తిరిగి ఎప్పుడు బరిలోకి దించారు అన్న ప్రశ్నలు మాత్రం పక్కకు జరిగాయి.

ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే ఒక విషయం స్పష్టమవుతుంది. పాత వ్యవస్థలో దేహానికి శిక్షణ ఇచ్చిన చెయ్యి, దేహాన్ని బాగుచేసిన చెయ్యి ఒకటే. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రెండు చేతులూ విడిపోయాయి. మధ్యలో ఏర్పడిన ఖాళీలో ఎందరో ఆటగాళ్ళ దేహాలు నలిగాయి.

‘జెట్టి’ అన్న మాట ఇందుకు మొదటి సాక్ష్యం. సంస్కృతంలోని ‘జ్యేష్ఠి’తో ముడిపడిన ఈ పదానికి తెలుగులో మల్లుడు, బలశాలి అని అర్థం. ‘జగజెట్టి’లో ఆ అర్థం నేటికీ నిలిచి ఉంది. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కుల వర్ణన గ్రంథంలో జెట్టీలు తెలుగు మాట్లాడే వృత్తి మల్లులుగా కనిపిస్తారు. తంజావూరులో తమిళుల నడుమ ఉన్నా వారి ఇంటి భాష తెలుగే. మైసూరు దసరా ఉత్సవాల్లో వజ్రముష్టి ధరించి పోరాడినవారూ వారే. తెలుగు జిల్లాల్లో వారు ఒళ్ళు పట్టి, తైలాలు రుద్ది, నరాల నొప్పులు మాన్పేవారని ఆ గ్రంథం నమోదు చేసింది. ఇది మల్లునికి దొరికిన ఉపవృత్తి అని దాటవేయటానికి వీలులేదు. ప్రత్యర్థి భుజాన్ని ఏ కోణంలో వంచితే కీలు తప్పుతుందో ఎరిగినవానికే దాన్ని ఏ కోణంలో లాగితే తిరిగి కూర్చుంటుందో తెలుస్తుంది. అదే విద్య మరో మలుపూ తిరిగింది. టిప్పు సుల్తాన్ కాలంలో మైసూరు జెట్టీలను మరణశిక్షలు అమలు చేయడానికి వాడారు, మెడ విరవడం వారి పని. కీళ్ళ జ్ఞానం ఎవరి కొలువులో ఉంటే ఆ కొలువు కోరిన పనికి ఉపయోగపడిందన్నమాట.

గాయాన్ని మాన్పడం కంటే గాయం కాకుండా చూడటం గురించి ప్రాచీనులు ఎక్కువ ఆలోచించారు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుని ‘మానసోల్లాసం’ పన్నెండవ శతాబ్దపు రచన. ఆ రాజవంశపు ఏలుబడిలో నేటి దక్షిణ తెలంగాణ ప్రాంతమూ ఉండేది. ఆ గ్రంథంలోని మల్లవినోద ప్రకరణం మల్లులను వయస్సు, పరిమాణం, బలం ప్రాతిపదికగా వర్గీకరిస్తుంది. వారి వ్యాయామాలను పేర్కొంటుంది. పప్పుధాన్యాలు, మాంసం, పాలు, చక్కెర వంటి ఆహారం సమకూర్చడం రాజు బాధ్యత అంటుంది. సమాన దేహాలను సమాన దేహాలతో పోటీ పెట్టడం న్యాయం కోసమే కాదు, ప్రాణరక్షణ కోసం కూడా. నేటి కుస్తీ, బాక్సింగ్ పోటీల్లో బరువు వర్గాలు చేసే పని అదే. సుశ్రుత సంహిత వ్యాయామానికి పెట్టిన హద్దు మరింత సూక్ష్మమైనది: తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలి. ఆ హద్దు దాటితే వ్యాయామమే వ్యాధిగా మారుతుందని ఆ సంప్రదాయం హెచ్చరించింది. నుదుట, చంకల్లో చెమట పట్టడం, నోరెండటం ఆ హద్దు వచ్చిందనడానికి గుర్తులు. కొలత పరికరాలు లేని కాలంలో దేహాన్నే కొలతగా వాడుకున్న పద్ధతి ఇది. ఆ గ్రంథమే కీళ్ళు తప్పడాన్ని ఆరు విధాలుగా, ఎముక విరగడాన్ని పన్నెండు విధాలుగా విభజించి, చెట్టు బెరడుల బద్దలతో కట్టు కట్టే పద్ధతి చెప్పింది.

ఆ కట్టుకు తెలుగు దేశంలో ఊరి పేరు వచ్చింది. పుత్తూరు సమీపంలోని రాచపాళెంలో పందొమ్మిదవ శతాబ్దం చివర మొదలైన శల్యవైద్యం ‘పుత్తూరు కట్టు’గా ప్రసిద్ధికెక్కింది. ఆ కట్టు వెనుక ఉన్న తర్కం సరళమైనది: ఎముక తనంతట తాను అతుకుతుంది, కదలకుండా ఉంచితే చాలు. విరిగిన ఎముక వంకర లేకుండా కూర్చున్నంతవరకు ఆ తర్కం నిలుస్తుంది. ఆటగాని దేహానికి అన్నివేళలా అది సరిపోదు. ఈ తేడా తరువాత మోకాలి విషయంలో బయటపడుతుంది.

కోడి రామమూర్తి నాయుడు (1882–1942) జీవితం పాత వ్యవస్థకూ కొత్త వ్యవస్థకూ సరిహద్దున నిలుస్తుంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము చేసి, మద్రాసు సైదాపేటలో వ్యాయామ విద్య అభ్యసించిన ఆయన సర్కసు వేదికపై గొలుసులు తెంచారు, రొమ్ముపై ఏనుగును నిలబెట్టుకున్నారు. ‘కలియుగ భీముడు’ అన్న కీర్తి వచ్చింది. చివరి దశలో కాలికి పుండు లేచి కాలు తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్స సమయంలో ఆయన మత్తుమందు వద్దని, ప్రాణాయామ బలంతో నొప్పిని ఓర్చుకున్నారన్న కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఇక్కడ ఆ కథ నిజానిజాల కంటే దాని ఎంపిక ముఖ్యం. తెలుగు జనస్మృతి ఆయన గాయాన్ని ఓర్పు కథగా నిలుపుకుంది, సంరక్షణ కథగా కాదు. వీరుడు నొప్పిని భరించాలి, నొప్పి గురించి అడగరాదు. ఈ ఆదర్శం తరువాతి తరాల క్రీడాకారులను చాలాకాలం వెంటాడింది.

హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో దీని జాడ స్పష్టంగా ఉంది. 1950 నుండి 1963 వరకు భారత జట్టుకు శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన జట్టు ఉత్తి కాళ్ళతో ఆడి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో ఓడింది. చలిలో, ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడిన ఆ ఓటమి తరువాతనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. పాదరక్షణ సైతం ఓటమి చెబితే తప్ప రాలేదు. 1956 మెల్‌బోర్న్‌లో బూట్లు తొడిగిన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఆయనను సెమీఫైనల్లోనూ, దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లోనూ ముందు వరుసలో ఆడించారు. ఫైనల్లో ఆయన గోలు చేశారు, భారత్ 2–1తో గెలిచింది. ఈ ఘట్టాన్ని వ్యూహ చాతుర్యంగా కొనియాడటం ఆనవాయితీ. చాతుర్యం నిజమే. కానీ తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ణి రోజుల వ్యవధిలో తిరిగి దింపడాన్ని నేటి క్రీడావైద్యం అంగీకరించదు. ఫుట్‌బాల్‌లో తల కూడా ఆట పరికరమే కదా. అదే జట్టులోని సికింద్రాబాద్ అమ్ముగూడ ఆటగాడు తులసీదాస్ బలరాం ఆట ఊపిరితిత్తుల వ్యాధితో 1963లోనే ముగిసింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు నిండలేదు.

ఈ కథ 1994లో మలుపు తిరిగింది. పుల్లెల గోపీచంద్ జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలి లోపలి ముందరి స్నాయువు తెగింది. తొడ ఎముక మీద కింది కాలి ఎముక ముందుకు జారకుండా పట్టి ఉంచే తాడు అది. బ్యాడ్మింటన్‌లో ఎగిరి దిగే ప్రతిసారీ, ఒక్కసారిగా ఆగి తిరిగే ప్రతిసారీ దానిపై భారం పడుతుంది. ఎముకవలె అది తనంతట తాను అతుకదు. అందువల్ల కట్టు తర్కం ఇక్కడ పనిచేయదు. దేహంలోని మరొక స్నాయువు ముక్కను తీసి అక్కడ అమర్చాలి. అమర్చిన ముక్క మొదటి నెలల్లో బలపడకపోగా బలహీనపడుతుంది, ఆ తరువాతే మెల్లగా అసలు స్నాయువు గుణాన్ని సంతరించుకుంటుంది. ఈలోగా కదలిక మానిన తొడ కండరం కరిగిపోతుంది. నొప్పి పోయిన రోజుకూ మోకాలు సిద్ధమైన రోజుకూ నడుమ నెలల దూరం ఉంటుంది. ఎందరో ఆటగాళ్ళు మళ్ళీ దెబ్బతినేది ఆ దూరంలోనే. ఓర్పు ఆదర్శం ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది: భరించడం తెలిసినవాడు కాదు, ఆగడం తెలిసినవాడు నిలుస్తాడు.

ఒకటికి మించిన శస్త్రచికిత్సల తరువాత గోపీచంద్ 1996 నుండి 2000 వరకు వరుసగా ఐదుసార్లు జాతీయ విజేతగా నిలిచారు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకొణె తరువాత ఆ గెలుపు సాధించిన భారతీయుడు ఆయనే. అయితే ఈ వ్యాస ప్రయోజనం దృష్ట్యా 2008లో గచ్చిబౌలిలో ఆయన నెలకొల్పిన అకాడమీ ఆ గెలుపు కంటే పెద్ద ఘట్టం. గాయపడిన దేహం నుండి పాఠం నేర్చినవాడే శిక్షకుడయ్యాడు. కోర్టుల పక్కనే వ్యాయామశాల, ఈతకొలను, ఫిజియోథెరపీ చేరాయి. శతాబ్దం కింద విడిపోయిన జెట్టి రెండు చేతులూ ఒక ప్రాంగణంలో తిరిగి కలిశాయని అనవచ్చు. తేడా ఒకటుంది: జెట్టి చేతి జ్ఞానం కులంలో, ఇంట్లో దాగి ఉండేది. ఇక్కడ అది శాస్త్రంగా, నమోదుగా ఉంటుంది.

గాయం దానితో ఆగిపోలేదు. 2015లో పి.వి. సింధు ఎడమ పాదంలో ఎముక సన్నగా చిట్లింది. ఇది ఒక్క దెబ్బకు వచ్చేది కాదు. మితిమీరిన పరుగు, గెంతు రోజూ పడుతుంటే ఎముక తనను తాను మరమ్మతు చేసుకునే వేగాన్ని భారం మించిపోయినప్పుడు వస్తుంది. సుశ్రుతుని సగం శక్తి నియమానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. ఆమె మరుసటి ఏడాదే రియోలో రజతం గెలిచారు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచినప్పుడు అదే రకం చీలిక ఎడమ కాలిలో మళ్ళీ వచ్చింది, ఆ ఏటి ప్రపంచ పోటీలకు దూరం చేసింది. 2023లో తిరిగి వచ్చినా పాత వేగం చాలాకాలం చిక్కలేదు. నిజామాబాద్‌కు చెందిన బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజం కీలు తప్పి శస్త్రచికిత్స అయింది. 2022లో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ విజేత అయ్యారు. ఆ ఐదేళ్ళ నడుమ గడిచిన మొదటి దశను పత్రికలు ఒక్క వాక్యంలో దాటేశాయి.

ఆ ఒక్క వాక్యంలో పత్రికలు వాడే మాట తరచుగా ‘పునరావాసం’. ఇది భాషాపరంగా ఆలోచించదగిన విషయం. జూరాల, శ్రీశైలం జలాశయాల కింద ఊళ్ళు మునిగిన పాలమూరు ప్రాంతంలో, ఆత్మకూర్ చుట్టుపక్కల, ఆ మాటకు నిర్వాసితుల కాలనీ, నష్టపరిహారపు దరఖాస్తు అన్న అర్థాలే ముందుగా స్ఫురిస్తాయి. ‘ఆవాసం’ ఉన్నచోట దేహం ఇమడదు. తెలుగు వాడుకలో దెబ్బను పలికే మాటలకు కొదవ లేదు: బెణికింది, మడత పడింది, కీలు తప్పింది, నరం పట్టింది, నడుం పట్టేసింది. దెబ్బ మానిన మాటా ఉంది, ‘మానింది’ అంటాం. మానడానికీ ఆడడానికీ నడుమ ఉన్న ఆ నెలలకు పేరు లేదు. పేరు లేకపోవడం వల్లనే పల్లె పాఠశాల కబడ్డీ బరిలో నొప్పి తగ్గిన పిల్లవాణ్ణి మరునాడే దింపుతారు. ‘కోలుకొను’ అన్న క్రియకు ఆ మధ్యకాలాన్ని మోయగల శక్తి ఉంది. అందులో పూర్వబలాన్ని కొంచెం కొంచెంగా తిరిగి పొందడమన్న భావం ఇప్పటికే ఉంది. దాని నామరూపం ‘కోలుకోలు’ను వ్యాయామ పాఠ్యపుస్తకాల్లో, క్రీడా పత్రికల్లో స్థిరపరచడం తెలుగు శాఖలకు అందుబాటులో ఉన్న పని.