నీళ్ళకు కాపలా ఎవరు?

కాగజ్‌నగర్ పక్కన మా ఊరి చేదబాయి కాడ మా నాయినమ్మ బిందె పట్టుకొని నిలబడేది. చేద ముట్టనిచ్చేటోళ్ళు కాదు. ఎవరన్న పోస్తేనే నీళ్ళు. ఇయ్యాల నేను సర్కారు బడి పంతులును. ట్యాంకు మూతకు తాళముందా, లీటరు నీళ్ళలో 0.2 మిల్లీగ్రాముల క్లోరినన్నా మిగిలిందా చూడాలని పిల్లలకు చెప్తాను.

కానీ చరిత్ర ఇంకో పరీక్ష పెట్టింది. 1927లో మహద్ చెరువు నీళ్ళు అంబేద్కర్ తాగితే, సవర్ణులు ఆ చెరువును ‘శుద్ధి’ చేసిండ్రు. 1985 జూలైలో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు తాగే చెరువు నీళ్ళను మురికి చేయొద్దన్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపిండ్రు.

తాళం కావాలె, క్లోరిన్ కావాలె. మురికి చేయొద్దని అడిగే మనిషికి రక్షణ లేకుంటే మాత్రం ఆ నీళ్ళకు రక్షణ లేనట్టే.