మత్తుమందుల తయారీ స్థలాల తనిఖీ, శుద్ధి

చట్టవిరుద్ధంగా మత్తుమందులు తయారైన ఇల్లు, షెడ్డు, కర్మాగారం మళ్లీ మనుషులు మసలడానికి పనికొస్తుందో లేదో పరీక్షించడం, అక్కడ మిగిలిన రసాయనాలను తొలగించడం ఈ పని పరిధి. దాడి, అరెస్టు, పంచనామా దీనికి ముందు జరిగేవి. వాటి చరిత్ర పత్రికల్లో దొరుకుతుంది. తలుపుకు సీలు వేశాక లోపల ఉండిపోయినదాని చరిత్ర మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

తెలుగునాట ఈ సమస్య అమెరికాలోలా వంటింట్లో పుట్టలేదు, పారిశ్రామికవాడల్లో పుట్టింది. 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ కర్మాగారం వచ్చాక హైదరాబాద్ చుట్టూ మందుల పరిశ్రమ అల్లుకుపోయింది. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, చర్లపల్లి, ఎటు చూసినా రియాక్టర్లే. మూతపడ్డ యూనిట్లు, అద్దెకు దొరికే షెడ్లు, పని తెలిసిన కెమిస్టులు, ముడిసరుకు అమ్మే దుకాణాలు అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. దొంగతనంగా మందు చేసేవాడు కొత్తగా ఏదీ కట్టుకోనక్కర్లేదు. నాలుగు రోజులు అద్దెకు తీసుకుంటే చాలు.

కొనేవాడూ దగ్గరే ఉన్నాడు. తెలంగాణలో కల్తీ కల్లుకు పాత చరిత్ర ఉంది. క్లోరల్ హైడ్రేట్ కలిపారు, పత్రికలు ‘డైజోఫాం’ అని రాసే డయాజెపాం కలిపారు, తర్వాత ఆల్ప్రాజోలం వంతు వచ్చింది. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లును గట్టిగా అడ్డుకున్నప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ప్రాంతాల ఆసుపత్రులకు ఒళ్లు వణుకుతూ, పిచ్చిగా ప్రవర్తిస్తూ జనం వచ్చారు. అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగిపోయిన ఫలితమది. 2025 జులైలో కూకట్‌పల్లి పరిసరాల్లో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆల్ప్రాజోలానికి గిరాకీ ఇంత దగ్గర్లో ఉంటే తయారీ ఇక్కడికి రాకుండా ఉండదు.

దాని పక్కనే మెఫిడ్రోన్ అనే సింథటిక్ మత్తుమందు పెరిగింది. 2022 డిసెంబర్‌లో రెవెన్యూ ఇంటెలిజెన్స్ (డీఆర్ఐ) అధికారులు హైదరాబాద్‌లో రెండు రహస్య ప్రయోగశాలల మీద దాడిచేసి సుమారు 25 కిలోల మెఫిడ్రోన్ పట్టుకున్నారు. 2024 మార్చిలో బొల్లారంలోని ఒక కర్మాగారంలో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులకు మెఫిడ్రోన్‌కు దగ్గరి మందైన 3-మిథైల్‌మెథ్‌కాథినోన్ దాదాపు 90 కిలోలు దొరికింది. 2025 సెప్టెంబర్ మొదట్లో మహారాష్ట్ర నుంచి వచ్చిన పోలీసులు చర్లపల్లి వైపు ఒక యూనిట్‌లో ఆరు కిలోలకు కాస్త తక్కువ మెఫిడ్రోన్, 35,500 లీటర్ల రసాయనాలు పట్టుకున్నారు. పత్రికలు సరుకు విలువ గురించి వేల కోట్ల లెక్కలు వేశాయి. ఈ వ్యాసానికి కావలసింది లీటర్ల లెక్క. 200 లీటర్ల డ్రమ్ముల్లో పోస్తే అవి 180 డ్రమ్ములకు దగ్గరగా వస్తాయి. ఆరు కిలోల పొడి ఒక సంచిలో పట్టుకుపోవచ్చు. డ్రమ్ముల సంగతి అలా కాదు. వాటికి లారీలు కావాలి, లేబుల్ లేనిదాంట్లో ఏముందో చెప్పే మనిషి కావాలి, ఎక్కడ దించాలో ముందే తెలియాలి.

అదే నెల 13న బయటపడ్డ పాత బోయిన్‌పల్లి కేసు అన్నిటికంటే కలవరపెట్టింది. పిల్లలు చదువుకునే ఒక ప్రైవేటు బడి భవనంలోనే ఆల్ప్రాజోలం తయారీ సాగుతోందని తెలంగాణ మాదకద్రవ్యాల నిరోధక విభాగం ‘ఈగల్’ కనిపెట్టింది. సుమారు ఏడు కిలోల మందు దొరికింది. ఆల్ప్రాజోలం మాత్ర సాధారణంగా పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము ఉంటుంది. అర మిల్లీగ్రాము చొప్పున లెక్కేస్తే ఏడు కిలోలు 1.4 కోట్ల మాత్రలు. ఇంత తక్కువ మోతాదులో పనిచేసే పొడిని ఆరబెట్టినప్పుడు, జల్లించినప్పుడు లేచే ధూళి ఎక్కడ వాలిందన్నదే అసలు ప్రశ్న. తరగతి గది బల్ల మీదా, కిటికీ గ్రిల్ మీదా, ఫ్యాన్ రెక్కల మీదా? బడి మూతపడింది, పిల్లలు వేరే బళ్లకు వెళ్లాల్సివచ్చింది. అసలు ప్రశ్న అలాగే మిగిలింది.

తనిఖీ ఎలా జరగాలి

తయారీ స్థలంలో ప్రమాదం మూడు రకాలు. మొదటిది ద్రావకాలు. టోలుయీన్, అసిటోన్, మిథనాల్ లాంటివి మండుతాయి, వాటి ఆవిరి తలకెక్కుతుంది. రెండోది ఆమ్లాలు, క్షారాలు, సగంలో ఆగిపోయిన రసాయన చర్య. ఆపరేటర్‌ని అరెస్టు చేస్తే రియాక్టర్ ఆగిందనుకోకూడదు. లోపల వేడి, ఒత్తిడి పెరుగుతూనే ఉండవచ్చు. మూడోది గోడలకు, నేలకు అంటుకున్న మందు. మొదటి రెండూ గంటల్లో ప్రాణం తీయగలవు. మూడోది నెలల తరబడి నిశ్శబ్దంగా ఉంటుంది, అందుకే అశ్రద్ధకు గురవుతుంది.

కాబట్టి వరుస ఇలా ఉంటుంది. ముందు గాలి ఆడనిచ్చి, మాస్కులతో లోపలికెళ్లి, కరెంటు స్విచ్చులు ముట్టకుండా చూస్తారు. రియాక్టర్లను చల్లబరుస్తారు. ఒకదానితో ఒకటి కలవకూడని డ్రమ్ములను వేరుచేస్తారు. తర్వాత కాలువ, సంపు, సెప్టిక్ ట్యాంకు, దగ్గర్లో బోరుబావి ఉంటే దాని నీరు చూస్తారు. చివరికి గోడల వంతు. పది సెంటీమీటర్లకు పది సెంటీమీటర్లు, అరచేతంత చోటును తడిపిన దూదితోనో గుడ్డతోనో తుడిచి ల్యాబ్‌కు పంపుతారు. పరుపులు, తివాచీలు, ఫాల్స్ సీలింగ్ లాంటి పీల్చుకునే వస్తువులను కడగరు, పారేస్తారు. గట్టి ఉపరితలాలను డిటర్జెంటుతో ఒకటికి రెండుసార్లు కడిగి మళ్లీ తుడిచి చూస్తారు. అప్పటికీ మిగిలితే రంగు వేసి మూసేస్తారు, లేదా ప్లాస్టరు చెక్కేస్తారు.

అంకెల చరిత్ర

ఈ పద్ధతి ప్రధానంగా అమెరికాలో రూపుదిద్దుకుంది. 1988 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆదేశం మీద అక్కడి మాదకద్రవ్య, పర్యావరణ సంస్థలు 1990లో రహస్య ప్రయోగశాలల శుద్ధికి ఉమ్మడి మార్గదర్శకాలు తెచ్చాయి. అదే ఏడు వాషింగ్టన్ రాష్ట్రం ఇలాంటి ఇళ్ల మీద ప్రత్యేక చట్టం చేసింది. 2009లో పర్యావరణ సంస్థ మెథాంఫెటమైన్ తయారైన ఇళ్ల శుద్ధికి స్వచ్ఛంద మార్గదర్శకాలు ప్రకటించింది. ఎంత మిగిలితే పర్వాలేదన్న దాని మీద మాత్రం ఒక్కమాట కుదరలేదు. నూరు చదరపు సెంటీమీటర్లకు 0.1 మైక్రోగ్రాము దాటకూడదని కొన్ని రాష్ట్రాలన్నాయి, కాలిఫోర్నియా 1.5 దాకా ఒప్పుకుంది. ఆస్ట్రేలియా 2011లో 0.5 అంది.

న్యూజిలాండ్ కథ వీటన్నిటికంటే పనికొచ్చేది. అక్కడ 2017 ప్రమాణం 1.5గా పెట్టారు. తయారీ జరిగిన ఇంటికీ, ఎవరో ఒకసారి ఆ మందు పొగ పీల్చిన ఇంటికీ తేడా చూడకుండా పరీక్షలు అంతకుముందు నుంచే సాగాయి. పరీక్షలు చేసే వ్యాపారం వృద్ధిచెందింది. 2013 నుంచి 2018 దాకా సుమారు 800 మంది ప్రభుత్వ గృహాల అద్దెదారులు దెబ్బతిన్నారు. చాలామంది ఇల్లు పోగొట్టుకున్నారు. 2018 మేలో ప్రధాని ముఖ్య శాస్త్ర సలహాదారు పీటర్ గ్లక్‌మన్ నివేదిక ఆ భయానికి ఆధారం లేదని తేల్చి, 15 మైక్రోగ్రాముల దాకా శుద్ధి అవసరం లేదంది. ప్రభుత్వ గృహసంస్థ క్షమాపణ చెప్పి పరిహారం ఇచ్చింది. అంకె లేకపోతే ఒక నష్టం, తొందరపడి పెట్టిన అంకెతో ఇంకో నష్టం.

పైగా ఈ అంకెలన్నీ మెథాంఫెటమైన్‌వే. ఆల్ప్రాజోలానికీ, మెఫిడ్రోన్‌కీ అవి వర్తించవు. ఆశ్చర్యమేమంటే, ఇలాంటి లెక్క హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. చట్టబద్ధంగా నడిచే ప్రతి మందుల కర్మాగారంలో ఒక మందు నుంచి మరో మందుకు మారేముందు రియాక్టర్‌ను కడిగి, స్వాబ్ తీసి, పాత మందు ఎంత మిగిలిందో కొలుస్తారు. దాన్ని క్లీనింగ్ వ్యాలిడేషన్ అంటారు. పాత మందు కనిష్ఠ మోతాదులో వెయ్యోవంతుకు మించి తర్వాతి మందు రోజు మోతాదులోకి రాకూడదన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత. జీడిమెట్లలో క్వాలిటీ విభాగంలో పనిచేసే కుర్రాడికి వచ్చిన ఈ విద్య సీలు వేసిన షెడ్డు దాకా రాలేదు.

చట్టం చూపు

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) సరుకునే చూస్తుంది. 1989లో చేర్చిన 52ఏ సెక్షన్ పట్టుబడిన మందుల పారవేతను చెప్పింది. 2014 సవరణతో అందులోకి వాహనాలు కూడా వచ్చాయి, భవనాలు రాలేదు. తెలిసి తెలిసి తన స్థలం వాడుకోనిచ్చిన యజమానిని 25వ సెక్షన్ శిక్షిస్తుంది కానీ ఆ స్థలాన్ని ఎవరు కడగాలో చెప్పదు. నిల్వ గదుల్లో సరుకు పేరుకుపోవడం, మాయమవడం చూసి సుప్రీంకోర్టు 2016 జనవరిలో గట్టి ఆదేశాలిచ్చింది. కాలుష్య నియంత్రణ పరికరాలున్న ఇన్సినరేటర్లలోనే కాల్చాలన్న నియమం ఉంది. హైదరాబాద్‌లో పట్టుబడ్డ సరుకు అందుకే దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రం లాంటి చోట్లకు వెళుతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని బయలులో పేర్చి తగలబెట్టిన దృశ్యాన్ని దీని పక్కన పెట్టి చూస్తే ఆ నియమం ఎందుకో అర్థమవుతుంది.

సరుకు పోయాక స్థలం ఏమవుతుందన్న ప్రశ్న జార్ఖండ్‌లో వేరే రూపంలో వస్తుంది. అక్కడి ఖూంటీ, చత్రా జిల్లాల నల్లమందు తోటలను ధ్వంసం చేశారన్న వార్తలు వస్తుంటాయి. మొక్కను దున్నేస్తే పొలం పొలంగానే మిగులుతుంది. సింథటిక్ మందు చేసిన షెడ్డు అలా మిగలదు.

ప్రమాదకర వ్యర్థాల నియమాలు 2016లో స్థలం నడిపేవాడినే బాధ్యుడిగా చేశాయి. అద్దెకు తీసుకున్నవాడు జైల్లో, యజమాని తనకేమీ తెలియదంటే ఆ బాధ్యత గాల్లో వేలాడుతుంది. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆర్నెల్లకోసారి పంపాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష చేయాలి, తర్వాత మూడు నెలల్లో వివరంగా సర్వే చేయాలి. ఖర్చు బాధ్యుడిదే, వాడు దొరక్కపోతే ప్రభుత్వాలది. 189 రసాయనాలకు పరిమితులు రాశారు. ఆ పరిమితులు ముఖ్యంగా మట్టిని, నీటిని ఉద్దేశించినవి. షెడ్డు వెనక కాలువలో పోసిన ద్రావకం ఈ నియమాల కిందికి రాగలదు. లోపలి గోడ మీది ధూళిని అడిగే గడి ఆ ఫారాల్లో లేదు.