క్లర్కు గుండె, గ్యాంగ్‌మ్యాన్ గుండె



వచ్చే ఆదివారం మన సంఘం పెట్టిన గుండె నడక గురించి చాలా మంది అడుగుతుండారు. "నడిచేదానికి డబ్బు ఎందుకు కట్టాల? ఊరికే నడిస్తే చాలదా?" అని ఒక మామ రాసినాడు. మంచి ప్రశ్నే. దానికి జవాబు సగం మన ఊరి చరిత్రలో ఉండాది, సగం రైల్వేలో ఉండాది. నేను పెన్షను తీసుకునే రైల్వే క్లర్కును గనక రెండో సగం కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మన పెద్దలు నాయకరాజుల కాలంలో ఈ కొంగునాడుకు కాలినడకనా ఎద్దుబండ్ల మీదా వచ్చినవాళ్ళు. వచ్చినాక కూడా నడకే. సూలూరు చుట్టూ పత్తి, జొన్న చేలు. బావి నీళ్ళు తోడేదానికి కవలె. తోలుతిత్తి పైకి రావాలంటే ఎద్దులను పల్లానికి తోలాల, మళ్ళీ తిత్తి దిగాలంటే వాటిని వెనక్కి నడిపించాల. తెల్లవారుజాము నుంచి ఎన్నిసార్లు పోయి వచ్చినారో ఎవరూ లెక్క పెట్టలేదు. తైపూసానికి కావడి ఎత్తుకొని పళనికి పోయేది కూడా నడిచే.

ఈ నడకను తగ్గించింది మన పక్క ఊరివాళ్ళే. జి.డి. నాయుడు 1893లో పుట్టింది సూలూరు దగ్గర కలంగల్‌లో. ఆయన 1920లో మొదటి బస్సు నడిపింది ఏ రోడ్డులో అనుకుంటుండారు? పొళ్ళాచ్చి నుంచి పళనికి. కావడి మోసుకొని నడిచే దారిలోనే! తరువాత 1937లో ఆయనా డి. బాలసుందరం నాయుడూ కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేసినారు. పైకారా కరెంటు వచ్చింది, బావికి మోటారు వచ్చింది, కవలె పోయింది. దీన్ని నేను తప్పు పట్టడం లేదు. ఎద్దు బతికింది, మనిషి వీపు కూడా బతికింది. గుండె లెక్క మాత్రం ఎవరూ రాయలేదు.

ఇప్పుడు రైలు సంగతి. ఇరుగూరు, పోత్తనూరు మీదుగా పోయే లైను 1862లో బేపూరు దాకా చేరింది. అప్పటి నుంచి రైల్వేలో రెండు జాతుల మనుషులు. ఒకరు కుర్చీలో, ఒకరు పట్టాల మీద. కీమ్యాన్ రోజూ తన బీటు మొత్తం నడిచి, వదులైన కీలను సుత్తితో కొట్టి బిగించాల. గ్యాంగ్‌మ్యాన్ ఎండలో కంకర కొట్టాల. గ్యాంగ్‌మ్యాన్ కొడుకు క్లర్కు అయితే ఆ ఇంట్లో పండుగ. "కుర్చీ దొరికింది" అనేవాళ్ళు.

ఆ కుర్చీ ధర ఎంతో అమెరికాలో లెక్క వేసినారు. హెన్రీ టేలర్ అనే ఆయన, ఇంకొందరు కలిసి అక్కడి రైల్వేవాళ్ళ చావు రికార్డులు చూసి 1962లో అచ్చు వేసినారు. గుండె జబ్బుతో ఏడాదికి వెయ్యిమందిలో చనిపోయిన క్లర్కులు 5.7, షంటింగ్ చేసేవాళ్ళు 3.9, పట్టాల మీద పని చేసేవాళ్ళు 2.8. అంటే క్లర్కుకు గ్యాంగ్‌మ్యాన్‌కు రెండింతలు. నేను ఇది మొదటిసారి చదివినప్పుడు రెండుసార్లు కూడి చూసుకున్నాను. క్లర్కు బుద్ధి పోదు కదా.

దీనికి ముందే 1953లో లండన్‌లో జెర్రీ మారిస్ అనే డాక్టరు బస్సులవాళ్ళను చూసినాడు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు కూర్చునే ఉంటాడు, కండక్టరు రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కుతాడు. గుండెపోటు డ్రైవర్లకే ఎక్కువ. "డ్రైవర్లు ముందే లావుగా ఉన్నారేమో?" అని మారిస్ తన్ను తానే అడిగి, కంపెనీ యూనిఫారం కొలతల పుస్తకం తెప్పించి చూసినాడు. నిజంగానే డ్రైవర్ల ప్యాంట్ల నడుము పెద్దది! దాన్ని కూడా 1956లో దాచకుండా అచ్చు వేసినాడు. ఇలాంటి మనిషి మాట నమ్మవచ్చు. ఆయన 99 ఏళ్ళు బతికినాడు.

మన వాళ్ళ లెక్క కూడా ఉండాది, అదే నాకు నిద్ర పట్టనియ్యలేదు. వెస్టర్న్ రైల్వే డాక్టరు ఎస్.ఎల్. మల్హోత్రా 1958 నుంచి 1962 దాకా దేశమంతా 11 లక్షలకు పైగా రైల్వే ఉద్యోగుల రికార్డులు చూసినాడు. గుండె జబ్బు చావులు పంజాబులో లక్షకు 20, మన దక్షిణాన 135. దాదాపు ఏడింతలు. నెయ్యీ పాలూ ఎక్కువ తాగేది వాళ్ళు, చనిపోయేది మనం! నమిలి తినే తిండి, మజ్జిగ, నూనె అని ఆయన చెప్పిన కారణాలను తరువాతివాళ్ళు అందరూ ఒప్పుకోలేదు. కానీ 52 దేశాల్లో జరిగి 2004లో అచ్చయిన ఇంటర్‌హార్ట్ పరిశోధన కూడా, దక్షిణాసియావాళ్ళకు మొదటి గుండెపోటు మిగతావాళ్ళ కంటే ఐదారేళ్ళు ముందే, 53 దగ్గరే వస్తుందని చూపించింది. 53 అంటే ఇంట్లో ఇంకా పెళ్ళి కావలసిన పిల్లలు ఉండే వయసు. పొగాకు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొట్ట, కదలకపోవడం, ఇట్లాంటి తొమ్మిది కారణాలే చాలా వరకు లెక్క తేల్చేస్తాయట.

ఇక మామ ప్రశ్న. నడిచి డబ్బు సేకరించడం కొత్త కాదు. 1953లో పోర్టోరికోలో రమోన్ రివేరో అనే హాస్యనటుడు కేన్సరు రోగుల కోసం 80 మైళ్ళు నడిచి డబ్బు తెచ్చినాడు. మన దగ్గర జి. కుప్పుస్వామి నాయుడి పేరున 1952లో ఆస్పత్రి కట్టినారు. పెద్ద కుటుంబాలు అట్లా ఇచ్చినాయి. మనలాంటి పెన్షనువాళ్ళం ఇచ్చేది చిన్నదే, అది టెస్టుకు డబ్బు లేని ఇంటికి చేరుతుంది.

10,000 అడుగులు అని భయపడవద్దు. ఆ అంకె 1965లో జపానులో అడుగుల మీటరు అమ్మేదానికి పెట్టిన పేరు. 2019లో పెద్ద వయసు ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధనలో 4,400 అడుగులకే లాభం కనపడింది, 7,500 దాటినాక పెరగలేదు.

ఆదివారం చెరువు కట్ట మీద ఒక్క చుట్టు చాలు. బీపీ, షుగరు మాత్రలు మానకుండా వేసుకొని రండి. స్టెంటు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి రండి. దారిలో ఛాతీ బరువుగా ఉన్నా, ఎడమ చెయ్యి లాగినా, చెమట పట్టినా గ్యాసు అనుకొని సోడా తాగవద్దు, వెంటనే పక్కవాళ్ళకు చెప్పండి. 2023 నుంచి తమిళనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గుండెపోటుకు మొదటి మోతాదు మాత్రలు ఇచ్చి పెద్దాస్పత్రికి పంపుతుండారు, ఆ సంగతి ఇంట్లో ఆడవాళ్ళకు కూడా తెలిసి ఉండాల.

నడవలేని పెద్దలు నీళ్ళ పందిరి దగ్గర కూర్చొని మజ్జిగ పోసేదానికి రావచ్చు. అక్కడ ఇంకా ఇద్దరు కావాల.