పేరుకు పద్దు

2020 ఏప్రిల్ 1. లాక్‌డౌన్. ధవళేశ్వరంలో కిరాణా కొట్టు ముందు ముగ్గుపిండితో గీసిన గుండ్రాల్లో ముక్కుకు రుమాలు కట్టుకుని నిలబడ్డారు మీరు. అరలో హార్లిక్స్, బూస్ట్ సీసాలు. హార్లిక్స్ కర్మాగారం ఈ ఊళ్లోనే ఉంది. ఈ రెండూ తయారుచేసే గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ ఈ రోజే హిందుస్థాన్ యూనిలీవర్‌లో కలిసిపోయింది.

ఇక నాతో లెక్కల గదిలోకి రండి. ముందు పాత కంపెనీ బ్యాలెన్స్ షీటు తెరవండి. నేల, యంత్రాలు, గోదాములో సరుకు, రావలసిన బాకీలు అన్నీ ఉన్నాయి. బూస్ట్ అనే పేరు కోసం వేలుపెట్టి వెతకండి, దొరకదు. కపిల్‌దేవ్‌తో, సచిన్‌తో తీసిన ప్రకటనల డబ్బంతా ఏ యేటికా యేడు ఖర్చు కింద పోయింది. సొంతంగా పెంచుకున్న బ్రాండును ఆస్తిగా రాయొద్దంటుంది ఇండ్ ఏఎస్ 38 అనే అకౌంటింగ్ ప్రమాణం. తన పేరుకు తానే ధర కట్టుకునే యజమానిని నమ్మలేం కదా, ఆ కట్టడి సరైనదే.

ఇప్పుడు కొన్నవాళ్ల షీటు. ఇందులో బూస్ట్‌కు విలువుంది. రాత్రికి రాత్రి ఆ పొడి రుచేమీ మారలేదు, బయటివాళ్లు ధర చెల్లించారు, అంతే. హార్లిక్స్ సంగతి వేరు. ఆ పేరు ఇక్కడి కంపెనీది కాదు, బ్రిటన్‌లోని మాతృసంస్థ జీఎస్‌కేది. అందుకని దానికి విడిగా రూ.3,045 కోట్లు కట్టారు. కంపెనీకి మాత్రం ఒక్కో షేరుకు 4.39 హిందుస్థాన్ యూనిలీవర్ షేర్లు ఇచ్చారు.

పేరుకు విలువ ఎలా కడతారు? నిపుణుడి తెర మీదికి వంగి చూడండి. ఈ పేరు మనది కాకపోతే, వాడుకున్నందుకు ఏటా ఎంత రాయల్టీ ఇవ్వాల్సొచ్చేదన్నది ఎక్కువగా వేసే ప్రశ్న. నూరు రూపాయల అమ్మకానికి ఐదు అనుకోండి. రాబోయే ఏళ్ల ఐదులన్నిటిలోంచి పన్ను తీసేసి, నేటి విలువకు దించి కూడతాడు. ఇంత పెద్ద బ్రాండుకు, అలా దించడానికి వాడే డిస్కౌంట్ రేటును ఒక్క శాతం కదిపితే చాలు, వందల కోట్లు కదులుతాయి. ఆడిటర్ పట్టుబట్టి అడగాల్సింది అక్కడే.

ఇచ్చిన ధరలోంచి పేర్లు, కర్మాగారాలు, మిగతా నికర ఆస్తులు తీసేసినా ఇంకా 17 వేల కోట్లకు పైగా మిగిలింది. అది గుడ్‌విల్. మరి ధవళేశ్వరంలో ఏళ్లుగా ఆ యంత్రాలు నడిపిన కార్మికుల నేర్పు ఏ పద్దులో ఉంది? విడిగా ఎక్కడా లేదు. దాన్ని గుడ్‌విల్‌లోనే కలిపేయమంటుంది ఇండ్ ఏఎస్ 103. మనిషి రేపు మానేసి వెళ్లొచ్చు, అదుపులో లేనిది ఆస్తి కాదన్న వాదన నాకు అర్థమవుతుంది. అయినా మనసు ఒప్పుకోదు. ఆ నేర్పు పోతే బ్రాండు విలువా పడిపోతుంది. దాని గురించి వార్షిక నివేదికలో ఒక పేరా అయినా రాయాలి.

ఏటా బ్రాండు, గుడ్‌విల్ రెండు పద్దులకూ ఇంపెయిర్‌మెంట్ పరీక్ష ఉంటుంది. రాబడి అంచనాలు పడిపోతే విలువ కోసేయాలి. వ్యాపారం మళ్లీ పుంజుకుంటే బ్రాండుకు కోసినదాన్ని తిరిగి రాసుకోవచ్చు. గుడ్‌విల్‌కు ఆ వీల్లేదు. కార్మికుల నేర్పు కలిసిపోయింది ఆ గుడ్‌విల్‌లోనే.